చదువుకోమని అనుమతి ఇచ్చారు, ఒక పెద్దదిక్కును కూడా చూపించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ ఉన్నతాధికారులకు, అన్ని జిల్లాల డీఎంహెచ్‌ఓలకు

ఆర్యా,

మన శాఖలో ఉద్యోగం చేస్తూనే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నవాళ్లు కొంతమంది ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. విలేజ్ క్లినిక్కుల్లో సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), స్టాఫ్ నర్సులు, హెల్త్ సూపర్‌వైజర్లు, జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో డేటా చూసేవాళ్లు, అక్కడక్కడా పీహెచ్‌సీ డాక్టర్లు కూడా. కొందరు యూనివర్సిటీల్లో చేరారు, కొందరు ఆన్‌లైన్‌లో చదువుతున్నారు. ఫీజు సొంత జేబులోంచే కడుతున్నారు. జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) కాంట్రాక్టు ఉద్యోగిగా ఉంటూ నేనూ అలాగే పూర్తి చేశాను. ఇప్పుడు ఉత్తరాంధ్రలో నా చుట్టూ చదువుతున్నవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. అడిగినవాళ్లలో చాలామందికి ఎన్‌ఓసీ (శాఖకు అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చింది. ఫైలు కొన్నాళ్లు టేబుళ్లు మారినా చివరికి సంతకం పడింది. సంతోషం. ఇబ్బంది ఆ తర్వాతే మొదలవుతోంది. "విధులకు ఆటంకం కలగకుండా చదువుకొనుటకు అనుమతించడమైనది" అన్న ఒక్క వాక్యంతో శాఖ తన పని అయిపోయిందనుకుంటోంది. ఆ రోజు నుంచి ఆ మనిషి చదువు ఏమవుతోందో ఆఫీసులో ఎవరికీ పట్టదు. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు ఉన్న టైముకే జిల్లా టెలీకాన్ఫరెన్స్ పెడతారు. ఒక చెవిలో బయోస్టాటిస్టిక్స్, ఇంకో చెవిలో బీపీ, షుగర్ లాంటి జబ్బుల (ఎన్‌సీడీ) సర్వే టార్గెట్లు. పెళ్లయిన ఆడపిల్లలైతే ఆ రెండూ వింటూనే పొయ్యి మీద కూర కూడా చూసుకోవాలి. ఎలాగో నెట్టుకొస్తారు. డిగ్రీ చేతికొస్తుంది. కానీ ఆ డిగ్రీకీ వాళ్లు రోజూ చేసే పనికీ ఎక్కడా లంకె కుదరదు.

లంకె కుదిర్చేది మనిషే. కాలేజీలో గైడ్ ఉంటారు, కాదనను. ఆయన ఎక్కడో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. గుమ్మలక్ష్మీపురంలో ఏ నెలలో ఏ గెడ్డ (వాగు) పొంగితే ఏ ఊరికి దారి తెగిపోతుందో ఆయనకెలా తెలుస్తుంది? మా పీహెచ్‌సీ రిపోర్టులో ఏ గడి నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో ఆయనకెలా తెలుస్తుంది? అది తెలిసినవాళ్లు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్లను మాకు అప్పజెప్పండి, లేదా మమ్మల్ని వాళ్లకు అప్పజెప్పండి. నేను అడగదలచుకున్నది ఇంతే. మిగతాదంతా అది ఎందుకు కావాలో చెప్పడానికి.

ఏజెన్సీలో పనిచేసే ఒక సీహెచ్‌ఓ కోర్సులో భాగంగా తన పీహెచ్‌సీ పరిధిలోని మలేరియా లెక్కలతో ఒక చార్టు గీసింది. వారం వారం పాజిటివ్‌లు, ఊరి వారీగా. చక్కగా రంగులు వేసి మరీ తయారు చేసింది. అందులో ఒక ఊరికి వర్షాకాలం నడిమధ్య వరసగా కొన్ని వారాలు సున్నా ఉంది. చుట్టూ ఊళ్లలో కేసులున్నాయి, ఆ ఊళ్లో లేవు. స్ప్రే బాగా జరిగి ఉంటుందని రాసుకుంది. ఆ చార్టు రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మలేరియా విభాగంలోని ఒక సబ్‌యూనిట్ ఆఫీసర్ కంటబడింది. ఆయనకు ఎంపీహెచ్ లేదు, ఎక్సెల్ రాదు. చార్టు మీద వేలు పెట్టి అడిగారు: "ఏటమ్మా, ఇక్కడ సున్నా వచ్చిందా, సున్నా ఏసారా?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆయనే స్లైడ్ రిజిస్టర్ తెప్పించి ముందు పెట్టారు. ఆ వారాల్లో ఆ ఊరి నుంచి ఒక్క రక్తపూత కూడా తీయలేదు, అక్కడికక్కడే ఫలితం చెప్పే ఆర్‌డీటీ కిట్ ఒక్కటీ వాడలేదు. అక్కడి హెల్త్ అసిస్టెంట్‌ను వేరే సర్వేకు పంపారు. పరీక్షే చేయలేదు కాబట్టి పాజిటివ్ లేదు. పోర్టల్‌లో మాత్రం సున్నా పడింది, ఖాళీ వదిలితే ఎంట్రీ పెండింగ్ అని ఫోన్లు వస్తాయి కదా. పాజిటివ్‌ల పక్కన ఎంతమందికి పరీక్ష చేశారో కూడా వేసుకోమని, పరీక్షలు లేని వారాలను వేరే రంగులో చూపించమని ఆయన చెప్పారు. ఆ అమ్మాయి థీసిస్ టాపిక్ ఆ మధ్యాహ్నమే మారిపోయింది. ఎక్కడ మలేరియా ఉందన్నది పక్కన పెట్టి, ఎక్కడ మనం చూడటం లేదన్న ప్రశ్న మీదకు వచ్చింది. కాలేజీ గైడ్ దాన్ని విని ఎంతో మెచ్చుకున్నారట.

ఆయనా ఆమే ఎదురుపడటం వట్టి యాదృచ్ఛికం. ఆయన వేరే పని మీద వచ్చారు, ప్రింటవుట్ టేబుల్ మీద ఉంది, అంతే. ఇంకో ఆర్నెల్లు పోతే ఆయన రిటైరవుతారు. ఆ ప్రశ్న వేసే బుర్రా ఆయనతోనే వెళ్లిపోతుంది. మన శాఖలో ఇలాంటి పాతకాపులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు: సబ్‌యూనిట్ ఆఫీసర్లు, పబ్లిక్ హెల్త్ నర్సులు, స్టాటిస్టికల్ ఆఫీసర్లు, ఆరోగ్య ప్రచారం చూసే డెమోలు. రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి పంపించేస్తాం.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు, ఆ మాటకొస్తే మన గడ్డ మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ తేదీని ఏటా దోమల దినంగా జరుపుతాం, బ్యానర్లు కడతాం, ర్యాలీ తీసి ఫొటోలు అప్‌లోడ్ చేస్తాం. రాస్ కూడా మనలాగే ఒక వైద్యశాఖ ఉద్యోగి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. కొన్నేళ్లకు సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్లి 1888లో ప్రజారోగ్యంలో డిప్లొమా, అదే డీపీహెచ్, చేశాడు. అంటే ఉద్యోగంలో ఉంటూ ప్రజారోగ్యంలో పీజీ చదివినవాడే. డిప్లొమా వచ్చాక కూడా రక్తంలో మలేరియా క్రిమి ఉంటుందంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్ ఆయన్ని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి చూపించాకే దారిలో పడ్డాడు. ఆ తర్వాత రాస్ ఇక్కడ, మాన్సన్ అక్కడ. ఇద్దరి మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. దోమను కోసి చూసిన ప్రతిసారీ ఏం కనిపించిందో రాస్ రాసేవాడు, నిరాశ పడినప్పుడల్లా మాన్సన్ వెన్నుతట్టేవాడు.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. మాన్సన్ చెప్పింది సగం తప్పు. దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగితే మలేరియా వస్తుందని ఆయన నమ్మకం. రాస్ ఆ నీళ్లు మనుషులకు తాగించి కూడా చూశాడు, అది తేలలేదు. (ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.) పెద్దదిక్కుగా ఉండేవాళ్లకు అన్నీ తెలిసి ఉండాలేమోనని మన అధికారులు వెనకాడతారు. అక్కర్లేదు. చదువుకునేవాళ్లు రాసింది చదివి, మళ్లీ ప్రశ్న వేస్తే చాలు.

ఇంకా అసలు సంగతి చెప్పలేదు. క్రిమి కనిపించిన నెలకే, పని మంచి ఊపులో ఉండగా, రాస్‌ను మలేరియా పెద్దగా లేని రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. ఇది చదివి మనవాళ్లలో చాలామంది నవ్వుకుంటారని తెలుసు, శాఖలు అప్పుడూ అంతే. మాన్సన్ లండన్ నుంచి పైవాళ్లతో మాట్లాడి, 1898 మొదట్లో ఆయన్ని స్పెషల్ డ్యూటీ మీద కలకత్తాకు వేయించాడు. పక్షుల మలేరియా దోమల ద్వారా ఎలా అంటుకుంటుందో ఆ ఏడాదే అక్కడ తేలింది. 1902లో నోబెల్ వచ్చింది. చదువులో సాయం చేయడం ఒక ఎత్తు, ఆఫీసులో మన కోసం ఒక ఫోన్ కొట్టగలగడం ఇంకో ఎత్తు. మా కాలేజీ గైడ్లు ఈ రెండోది చేయలేరు. మీరు చేయగలరు.

ఈ కాలం సంగతికి వస్తే, చెన్నైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి జాతీయ ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో తేల్చే శాస్త్రం) సంస్థ 2001 నుంచి ఉద్యోగులకు రెండేళ్ల కోర్సు నడుపుతోంది. కొన్నాళ్లు చెన్నైలో పాఠాలు, మిగతా కాలమంతా ఫీల్డులో. ఒక ఔట్‌బ్రేక్‌ను పరిశోధించాలి, ఒక సర్వైలెన్స్ వ్యవస్థ ఎలా పనిచేస్తోందో లెక్కకట్టాలి, ఉన్న డేటాను విశ్లేషించాలి. ప్రతి పని వెనకా గురువు ఉంటారు. అమెరికాలో 1951లో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ మొదలుపెట్టిన ఈఐఎస్ (ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్) శిక్షణ కూడా ఇదే పద్ధతి, మన ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) 2012 నుంచి నడుపుతున్నదీ దాని అడుగుజాడల్లోనే. అయితే ఆ సీట్లు కొద్దిమందికే. చిన్న ఉద్యోగుల దాకా అవి రావు. ఆ పద్ధతిలో ఖర్చు లేని భాగం ఏదైనా ఉందంటే అది చదివేవాళ్ల పక్కన ఒక గురువును ఉంచడమే. దాన్ని మనం తెచ్చుకోవచ్చు.

2020 డిసెంబరులో ఏలూరు సంగతి గుర్తుందా? వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో ఐదు వందల మందికి పైగా ఆస్పత్రికి చేరారు. ఎయిమ్స్ వచ్చింది, జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వచ్చింది, ఢిల్లీ బృందాలు వచ్చాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒకరు, పురుగుమందుల అవశేషాలని ఇంకొకరు తేల్చారు. వాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎప్పుడు ఏమైందో, ఏ కుళాయి నీళ్లు తాగారో అడిగింది మన ఏఎన్‌ఎంలూ ఆశాలూ వలంటీర్లే. మొదటి రెండు రోజుల్లో ఆ ప్రశ్నలు ఎలా అడిగామన్న దాని మీదే తర్వాత ఎంత పెద్ద సంస్థ వచ్చినా ఏం తేల్చగలదో ఆధారపడి ఉంటుంది. ఉద్దానంలోనూ అంతే. కిడ్నీ జబ్బు మీద దశాబ్దాలుగా బయటి బృందాలు వస్తూ పోతూ ఉన్నాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఏళ్ల తరబడి అదే వీధుల్లో తిరుగుతున్న సిబ్బందిలో ఒకరిద్దరికి ఎపిడెమియాలజీ నేర్పి, వాళ్ల వెనక ఒక అనుభవజ్ఞుణ్ణి నిలబెడితే, వచ్చే బృందానికి కాగితాలు అందించే స్థాయిలో వాళ్లు ఆగిపోరు.

ఇప్పుడు థీసిస్‌ల గొడవ. ఎంపీహెచ్ చివర్లో ఒక పరిశోధన చేయాలి. పోర్టల్ పాస్‌వర్డ్ మా చేతిలోనే ఉంటుంది, జిల్లా డేటా మొత్తం కళ్లముందే కనిపిస్తుంది. ఉద్యోగిగా చూడొచ్చు, విద్యార్థిగా వాడుకోకూడదు. అది న్యాయమే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రోగుల పేర్లు తీసేయాలి, శాఖ ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు ఎవరిని అడగాలో ఆఫీసులో ఎవరికీ తెలియదు. సెక్షన్‌లో అడిగితే సూపరింటెండెంట్ గారిని అడగమంటారు, ఆయన్ని అడిగితే కమిషనరేట్‌కు రాయమంటారు. ఈలోపు యూనివర్సిటీ గడువు దగ్గరపడుతుంది. చివరికి అందరూ చేసేది ఒకటే: దగ్గర్లోని కాలేజీలో వంద మందికి ప్రశ్నపత్రం పంచి, చేతులు కడుక్కోవడంపై అవగాహన అని ఒక థీసిస్ రాసేయడం. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికీ ఉపయోగమూ లేదు. మన జిల్లాలో టీబీ మందులు మధ్యలో మానేస్తున్నది ఎవరు, హైరిస్క్ గర్భిణులను పీహెచ్‌సీ నుంచి పైకి పంపాక వాళ్లేమవుతున్నారు, ఊళ్ల నుంచి సిబ్బంది పంపే ఎస్ ఫారంలో జ్వరాల లెక్క ఎన్ని రోజులు ఆలస్యంగా చేరుతోంది, ఇలాంటి ప్రశ్నలు టేబుల్ మీద అలాగే పడి ఉంటాయి.

మీ భయం నాకు అర్థమవుతుంది. లెక్కలు బయటకు పోతే, పేపర్లో వస్తే, కలెక్టర్ గారు రివ్యూలో అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? అందుకే కదా లోపల ఒక పెద్దమనిషి ఉండాలంటున్నది. ఏది రాయాలో, ఎలా రాస్తే ఊరి పేరు, మనిషి పేరు బయటపడకుండా ఉంటుందో, రాసేముందు ఎవరికి చూపించాలో ఆయన చెబుతారు. డేటా దొంగచాటుగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకునే అవసరం రాకుండా చూసేదీ ఆయనే.

"డిగ్రీ రాగానే వెళ్లిపోతారు, మేమెందుకు తంటాలు పడాలి" అన్న మాట కూడా విన్నాను. నిజమే, కొందరు వెళ్తారు. ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు, పెరగని జీతం పెట్టుకుని ఉండిపొమ్మంటే ఎవరుంటారు? జీతం సంగతి ఈ ఉత్తరంలో తేలేది కాదు. రెండేళ్లు ఇక్కడే పనిచేస్తామని రాయించుకోండి, రాసిస్తాం. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాల్లో ప్రజారోగ్యానికి విడిగా కేడర్ ఉండాలంది, 2022లో కేంద్రం దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తమిళనాడులో ఆ కేడర్ ఏనాటి నుంచో ఉంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం వాళ్లకీ మనకీ ఉమ్మడి ఆస్తే, వాళ్లు దాని చుట్టూ ఒక వ్యవస్థ కట్టుకున్నారు. మనం సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లు కేటాయించే ఇన్‌సర్వీస్ కోటా గొడవ దగ్గరే ఆగిపోయాం. ఆ కోటా డాక్టర్లకు ముఖ్యమే, వాళ్లు రోడ్డెక్కారంటే ఊరికే ఎక్కలేదు. ఎంపీహెచ్ చదివే నర్సు గురించి మాత్రం ఏ యూనియనూ రోడ్డెక్కదు.

మరి ఎవరిని పెట్టాలి? నేరుగా మా మీద ఉండే అధికారిని మాత్రం వద్దు. సెలవు మంజూరు చేసేదీ, రెన్యువల్‌కు సిఫారసు చేసేదీ ఆయనే అయితే, నాకు ఈ చాప్టర్ అర్థం కాలేదని ఆయన దగ్గర ఎవరంటారు? వేరే విభాగం మనిషి ఉండాలి. మలేరియా వాళ్లకు టీబీ విభాగం నుంచి, పీహెచ్‌సీ వాళ్లకు జిల్లా ఆఫీసు నుంచి. చదువు వైపు సాయానికి మెడికల్ కాలేజీల్లో ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఒకప్పుడైతే విశాఖ దాకానో కాకినాడ దాకానో పోవాలి. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు ఉన్నారు, వాళ్లకు ఫీల్డు కావాలి, మాకు లెక్క నేర్పేవాళ్లు కావాలి. రెండు శాఖల మధ్య ఒక ఉత్తరం నడిస్తే నెలకో శనివారం కలిసి కూర్చోవచ్చు. రిటైరైన పాతకాపులను కూడా పిలవండి. బస్సు చార్జీ, భోజనం ఇస్తే చాలు, వాళ్లు గౌరవంగా భావించి వస్తారు.

అలా నేర్పేవాళ్లకు కూడా ఏదో ఒక గుర్తింపు ఉండాలి. ఇప్పటికే ఒక్కొక్కరి నెత్తిన మూడు ప్రోగ్రాములున్నాయి. వారంలో ఒక గంట దీనికి కేటాయించారని డ్యూటీ చార్టులో రాయండి. ఆ గంటలో టెలీకాన్ఫరెన్స్ పెట్టకండి. మాకోసం పని ఎక్కువ చేసే తోటి ఉద్యోగిని కూడా గుర్తుపెట్టుకోండి. నేను పరీక్షకు వెళ్లిన రోజు నా ఔట్‌రీచ్ వ్యాక్సినేషన్ సెషన్ ఆగలేదంటే, ఇంకొకరు రెండు ఊళ్లు తిరిగారనే కదా.

దీనికి కొత్త పథకం, బడ్జెట్, లోగో, లాంచింగ్ ఏవీ అక్కర్లేదు. దయచేసి యాప్ కూడా వద్దు. ఎన్‌ఓసీ నమూనాలో ఒక్క లైను చేర్చండి: ఈ ఉద్యోగికి చదువు పూర్తయ్యేవరకు ఫలానావారు మార్గదర్శకులుగా ఉంటారు, థీసిస్‌కు డేటా అనుమతి విషయం వారు చూస్తారు. కింద ఆ ఫలానావారి సంతకం. బదిలీ అయితే ఆ స్థానంలో ఎవరన్నది ఇంకో లైను.

కొత్త బ్యాచ్‌ల అడ్మిషన్లు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు మధ్యలో జరుగుతాయి. సీజనల్ జ్వరాల గోల మొదలయ్యేదీ అప్పుడే కాబట్టి, ఎన్‌ఓసీ ఫైళ్లు ఆ నెలల్లోనే అడుగున పడిపోతుంటాయి. ఈసారి నమూనా మే నెలాఖరుకే మార్చి జిల్లాలకు పంపగలిగితే, కొత్తగా చేరేవాళ్లకైనా మొదటి రోజు నుంచే ఒక పేరు ఉంటుంది. ఇప్పటికే రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లకు థీసిస్ టాపిక్ ఖరారయ్యేలోపే మీరు ఒక్క మాట చెప్పినా చాలు. ఎవరెవరు చదువుతున్నారో జిల్లాల వారీగా జాబితా మీ దగ్గర లేకపోతే, ఎన్‌ఓసీ ఫైళ్లు చూస్తే ఒక్క పూటలో తయారవుతుంది. అడిగితే ఆ జాబితా మేమే రాసి ఇస్తాం.

ఇట్లు,
ఉద్యోగం చేస్తూ ఎంపీహెచ్ పూర్తి చేసిన ఒక ఎన్‌హెచ్‌ఎం కాంట్రాక్టు ఉద్యోగి,
ఉత్తరాంధ్ర